దిగే మెట్ల పాఠం

లేడీస్ హాస్టల్, మూడో అంతస్తు
ఆదివారం

పిన్నీ,

ఫోన్‌లో నేను అన్నిటికీ ‘ఊఁ’ అంటానని, కాగితం మీద ఆ పప్పులు ఉడకవని ఉత్తరమే రాయమన్నావు. పైగా మీ వర్క్‌షాప్‌లో కోత మిషన్ల మోతకి నీకు ఫోన్ సగమే వినపడుతుంది. సరే, రాస్తున్నాను.

ఉద్యోగం బాగుంది. మన ఇంట్లో కాలేజీకి వెళ్ళిన మొదటిదాన్ని కదా, ఇక్కడ ఎవరైనా ఏం చదివావని అడిగితే అంతా ఒక్క గుక్కలో అప్పజెప్పేస్తున్నాను. పెట్టుడు కాళ్ళు చేసే ఇదే సంస్థ వర్క్‌షాప్‌లో నడక నేర్పే పిన్ని ఉందని చెబుతాను. ఆవిడ వల్ల వచ్చిన ఉద్యోగం మాత్రం కాదని కూడా చెబుతాను, ఎవరూ అడగకపోయినా.

నాకు అప్పగించింది వెబ్‌సైట్. పెట్టుడు కాలు పెట్టించుకుని ఇంటికి వెళ్ళినవాళ్ళు చూసి నేర్చుకునే పాఠాలు, అన్నీ వీడియోలే. ఇన్నాళ్ళూ అవి మేనేజరమ్మ బల్ల కింది కంప్యూటర్లో ఉండేవి. ఊడ్చే ఆవిడ పొరపాటున ప్లగ్గు పీకితే అందరి నడకా ఆగిపోయేది. పీకకపోయినా, కాస్త ఎక్కువమంది ఒకేసారి చూస్తే తెర మధ్య చక్రం తిరుగుతూ కూర్చునేది. “క్లౌడ్‌లో పెట్టెయ్యమ్మా, చవగ్గా ఉండాలి సుమా” అన్నారు మేనేజరమ్మ.

చవగ్గా అనే మాట దగ్గరే నా బుర్ర వేడెక్కింది. వీడియో దాచి ఉంచినందుకు ఒక రేటు, చూసేవాళ్ళకి పంపినందుకు ఇంకో రేటు. చూసేవాళ్ళు పెరిగితే సంతోషించాలా, భయపడాలా? చివరికి ఒక చిన్న కంపెనీ దొరికింది. వాళ్ళకి ఊరూరా మిషన్లు ఉన్నాయి. మన వీడియోని ఒకసారి అసలు చోటి నుంచి తెచ్చుకుని, కాపీ దగ్గర పెట్టుకుని, ఆ చుట్టుపక్కల అడిగినవాళ్ళందరికీ ఆ కాపీనే చూపిస్తారు. కాపీని ఎంతకాలం ఉంచుకోవాలని ఒక గడిలో అడిగారు. ఎక్కువకాలం ఉంచుకుంటే మోసుకురావడం తక్కువ, ఖర్చూ తక్కువ. ఏడాది అని పెట్టాను. మేనేజరమ్మ నా వీపు తట్టారు.

ఈమధ్యే తీసిన నీ ‘మెట్లు’ పాఠం ఇవాళ్టి నుంచి క్లౌడ్‌లో ఉంది. చూసి చెప్పు. రకరకాల భాషలవాళ్ళు చూస్తారని మాటల్లేకుండా తీయడం మంచిదైంది. “ఈవిడకి పెట్టుడు కాలంటే ఎవరు నమ్ముతారు!” అన్నారు మేనేజరమ్మ. నాకు ఎంత గొప్పగా అనిపించిందో.

నీ గువ్వ

*

వర్క్‌షాప్, నడక హాలు
టీ వేళ

గువ్వా,

చూశాను. చక్రం తిరగలేదు, గడగడా నడిచింది. నీ క్లౌడ్ సంగతి నాకు సగం అర్థమైంది, ఆ సగం బాగుంది.

ఇప్పుడు ఆ మెట్ల పాఠం వెంటనే తీసెయ్. దిగేటప్పుడు మంచి కాలు ముందు వేశాను. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు పెట్టుడు కాలు ముందు. ఈ హాల్లో నేను రోజూ అరిచే మాటే ఇది. మంచి కాలు ముందు దించితే ఒంటి బరువంతా వెనక ఉండిపోయిన పెట్టుడు మోకాలి మీద పడుతుంది. అది చటుక్కున మడుచుకుందా, మనిషి కింద మెట్టు దగ్గర తేలతాడు. మళ్ళీ తీయించాను. మెమరీ కార్డు ఈ ఉత్తరంలోనే పెట్టాను.

అంత తప్పు ఎలా చేశావని అడగకు. ఆ రోజు తొందరలో ఉన్నాను.

తీసెయ్యడానికి అంత తొందరేమిటంటావా? ఒక లారీ డ్రైవర్ ఉన్నాడు. బండి మీదే బతికిన మనిషి, ఒకచోట కూర్చోబెడితే ఊపిరాడదు. మెట్ల పాఠం మొదలుపెట్టకుండానే, చివరి రోజు కూడా ఆగకుండా ఇంటికి వెళ్ళిపోయాడు. “వీడియో ఉందిగా అక్కా, చూసి నేర్చుకుంటా” అన్నాడు. ఇల్లు పై అంతస్తులో. కింద పచారీ కొట్టు. రోజూ దిగాలి. నేను తప్పు చూపిస్తే ఆ తప్పే నేర్చుకుంటాడు.

చివరి రోజు ఆగి ఉంటే ‘టక్‌టక్’ కూడా వినేవాడు. నీకు తెలుసుగా, పాఠాలన్నీ అయ్యాక ఆఖర్న నా పెట్టుడు కాలు మీద వేలితో కొట్టి వినిపిస్తాను. అప్పటిదాకా ఎవరికీ చెప్పను. వాళ్ళ మొహాలు చూడాలి అప్పుడు!

మీ పిన్ని

*

ఆఫీసు
మధ్యాహ్నం

పిన్నీ,

కార్డు అందింది. పాతది తీసేసి కొత్తది ఎక్కించాను. పేరు మాత్రం పాతదే ఉంచాను. ఆ లింకు అప్పటికే అందరి ఫోన్లకీ పంపేశాం. పేరు మారిస్తే లింకు పనిచేయక డ్రైవర్‌గారిలాంటివాళ్ళు దారి తప్పుతారు. తెలివైన పని చేశాను కదా?

చూశాను, సరిగ్గా ఉంది.

ఒకటి అడగనా? తొందరలో ఉన్నానన్నావు. ఇల్లు అంటుకున్నా నువ్వు తొందరగా మెట్లు దిగడం నేను చూడలేదు.

గువ్వ

*

వర్క్‌షాప్, నడక హాలు
పొద్దున్నే

ఏమే,

ఎక్కించానన్నావు, ఎక్కడికి ఎక్కించావు? అటక మీదకా?

ఇక్కడ అదే పాత వీడియో వస్తోంది. నేను మంచి కాలు ముందు వేసి టింగురంగామని దిగుతున్నాను. నిన్న ఒక కుట్టుపని చేసే ఆవిడ హాల్లో మెట్లు దిగుతూ అచ్చం అలాగే వేసింది. పక్కనున్న అమ్మాయి నడుం పట్టుకోబట్టి సరిపోయింది. నేను కేకలేస్తే ఆవిడ ఏమందో తెలుసా? “మీరు వీడియోలో అట్లాగే దిగారు కదండీ” అంది.

డాక్టర్ కూడా చూశాడు. “ఇదేమిటండీ ఇలా దిగారు, అంతా బాగానే ఉందా?” అని నా మొహంలోకి చూశాడు. పని ఉందని తప్పించుకున్నాను.

చదువుకున్నదానివి. తిన్నగా చూసి మార్చు.

పిన్ని

*

హాస్టల్, మెట్ల మీద కూర్చుని
సాయంత్రం

పిన్నీ,

కోపం తెచ్చుకోకు. నాకేమీ అర్థం కావడం లేదు.

ఆఫీసులో నేను చూస్తే కొత్తది వస్తోంది. మేనేజరమ్మకీ కొత్తదే. హాస్టల్‌కి వచ్చి వంటావిడ ఫోన్‌లో చూస్తే పాతది! ఆవిడ ఫోనూ నాదీ పక్కపక్కన పెట్టాను. ఒకే బల్ల, ఇద్దరు పిన్నులు. ఒకరు ఈ కాలు ముందు, ఇంకొకరు ఆ కాలు ముందు. “మీ పిన్నిగారు కవలలా?” అని అడిగింది వంటావిడ.

అసలు ఏది కొత్తదో కూడా నాకిప్పుడు అనుమానమే. చూసి చూసి కళ్ళు తిరిగాయి. ‘సరిగ్గా ఉంది’ అని పోయినసారి రాశాను కానీ, కార్డు మార్చాను కాబట్టి సరిగ్గానే ఉంటుందనుకున్నాను. ఏం చూడాలో నాకు తెలియదు. ఎలా అడగాలో కూడా తెలియడం లేదు. పిన్నీ, నీ పెట్టుడు కాలు ఏది?

చిన్నప్పుడు ఒకసారి అడగబోతే అమ్మ కళ్ళెర్రజేసింది. ఆ తర్వాత అడగకపోవడమే మర్యాద అనుకున్నాను. నువ్వు నడుస్తుంటే తెలియదు కదా. నీ ఒళ్ళో పెరిగి, ఇప్పుడు నీ నడక పదిమందికీ చూపించే ఉద్యోగం చేస్తూ, ఈ మాట కాగితం మీద అడుగుతున్నందుకు సిగ్గుగా ఉంది.

గువ్వ

*

ఇల్లు
దీపం పెట్టాక

గువ్వా,

ఎడమ.

నవ్వాలో ఏడవాలో తెలియక కాసేపు ఉత్తరం మడిచి పెట్టాను. నిజం చెప్పనా, కాస్త గర్వంగా కూడా అనిపించింది. అంత బాగా నడుస్తానన్నమాట!

కాబట్టి కుడి కాలు ముందు దిగితే పాతది, తప్పు. ఎడమ ముందు దిగితే కొత్తది, ఒప్పు. గోడ మీద రాసిపెట్టుకో.

ఇంకో వింత. లారీ డ్రైవర్ ఫోన్ చేశాడు. రోజూ కొట్టుకి దిగి వస్తున్నాడట, కాలు బంగారంలా ఉందట. “వీడియో చూసే దిగుతున్నావా?” అన్నాను. “అదే అక్కా, మీరెలా చేస్తే అలా” అన్నాడు. అతని దగ్గరా పాతదే ఉంటుంది కదా? తప్పు పాఠం చూసి మనిషి సరిగ్గా ఎలా దిగుతున్నాడు? ఈయన చూసేది ఏది, చేసేది ఏది? ఆ క్లౌడ్‌లో ఎవరైనా కూర్చుని మనతో ఆటలాడుతున్నారా?

పిన్ని

*

ఆఫీసు
తలుపులు మూసే వేళ

పిన్నీ,

దొరికింది! దొంగ ఎవరో కాదు, నేనే.

ఊరూరా కాపీలు ఏడాది ఉంచుకోమని గడిలో నింపాను కదా, చవగ్గా వస్తుందని. వాళ్ళు నా మాట అక్షరాలా పాటించారు. అసలు చోట నేను వీడియో మార్చాను కానీ పేరు మార్చలేదు. మీ వైపు మిషన్ ‘ఈ పేరుగలది నా దగ్గర ఉందిగా, ఏడాది దాకా మళ్ళీ అడగనక్కర్లేదు’ అనుకుని పాతదే చూపిస్తోంది. ఆఫీసు వైపు మిషన్ దగ్గర మునుపు కాపీ లేదు కాబట్టి కొత్తది తెచ్చుకుంది. వంటావిడ ఫోన్ ఇంకా ఘనం. నేను పంపిన లింకుని ఆవిడ సొంతూరు వెళ్ళినప్పుడు ఒకసారి చూసిందట, దాన్ని ఆ ఫోన్ తనలోనే దాచుకుంది. నా పొదుపూ నా తెలివీ కలిసి మనల్ని ముంచాయి.

కాపీలన్నీ పారేయమని ఆ కంపెనీకి చెప్పాను. ఫోన్లలో దాగినవి మన మాట వినవు కాబట్టి వీడియోకి కొత్త పేరు పెట్టి, కొత్త లింకు అందరికీ పంపాను, పాతది చూడొద్దని రాసి. డ్రైవర్‌గారు అందిందని జవాబు కూడా ఇచ్చారు.

ఎడమ కాలు ముందు. నువ్వెక్కడ చూసినా, నేనెక్కడ చూసినా ఇక ఒకటే పిన్ని. ఇవాళ నాకు నిద్ర పడుతుంది.

గువ్వ

*

ఇల్లు

గువ్వా,

ఇక్కడ కొత్తదే వస్తోంది. అందరి ఫోన్లలోనూ చూశాను. నీ పని నువ్వు సరిగ్గానే చేశావు.

కానీ డ్రైవర్ పడ్డాడు. వాళ్ళావిడ ఫోన్ చేసింది. కొత్త వీడియో చూసి దిగుతుంటే మోకాలు మడుచుకుందట. మెట్ల కమ్మీ పట్టుకోబట్టి తల పగల్లేదు, మణికట్టు వాచింది. ఇక కిందికి దిగనని మంచం మీద కూర్చున్నాడట. “పాతదానితో నిక్షేపంగా ఉన్నాడు. మీరు మార్చారు, పడ్డాడు” అంటోంది ఆవిడ. ఏం చెప్పను? తప్పు చూస్తే నడిచాడు, ఒప్పు చూస్తే పడ్డాడు. ఇన్నేళ్ళుగా నేను నేర్పుతున్నది ఒప్పేనా అని ఒక్క క్షణం నాకే సందేహం వచ్చింది.

అతని ఊరు నీకే దగ్గర. నువ్వు వెళ్ళి చూడు. నేను రాలేను. ఎందుకని అడగకు.

పిన్ని

*

హాస్టల్
ఇంకా బట్టలు కూడా మార్చుకోలేదు

పిన్నీ,

వెళ్ళి వచ్చాను. మొత్తం రాస్తాను, మధ్యలో ఆపకుండా చదువు.

మెట్లు ఇరుకు, ఒక పక్కే కమ్మీ. పైన గదిలో డ్రైవర్‌గారు మంచం మీద, చేతికి కట్టుతో. వాళ్ళావిడ గుమ్మంలోనే నిలబెట్టి అడిగింది.

“మార్చింది మీరేనా?”

“నేనేనండీ.”

“ఏం చదివారు?”

ఇక్కడ మాత్రం అప్పజెప్పలేదు. చూపించమని ఆయన్ని బతిమాలాను. ఆయన లేచి పై మెట్టు మీద నిలబడ్డారు. నేను రెండు మెట్లు కింద, పడితే పట్టుకుందామని. ఆయన ఫోన్ చేతికిచ్చి “మీరు ఆడించండి, నేను చేస్తా” అన్నారు. తెర మీద నువ్వు ఎడమ కాలు దించావు. ఆయనా ఎడమ కాలు ఎత్తారు.

“ఆగండి! పెట్టుడు కాలు ముందు!” అని అరిచాను.

“ఆవిడ ఈ కాలేగా వేసింది?”

“మీ పెట్టుడు కాలు ఏది?”

“కుడి.”

పిన్నీ, అప్పుడు తెలిసింది. ఆయనది కుడి, నీది ఎడమ. ఆయన నీ కాలికి కాలు అనుకరిస్తున్నారు. పాతదానిలో నువ్వు తప్పుగా కుడి ముందు వేశావు, ఆయనా కుడి ముందు వేశారు, అది ఆయనకి సరైన కాలు! కొత్తదానిలో నువ్వు ఒప్పుగా ఎడమ వేశావు, ఆయన ఎడమ వేసి పడ్డారు.

“మరి ఆవిడది ఎడమ కదండీ” అన్నాను.

“ఎడమ ఏంటి?”

“పెట్టుడు కాలు.”

ఆయన కమ్మీ పట్టుకుని మెట్టు మీద కూర్చుండిపోయారు. “అక్కకా? పెట్టుడు కాలా? నాకు నేర్పిన అక్కకా?” అని మూడుసార్లు అడిగారు. నువ్వు మామూలు టీచరువని, మామూలు కాళ్ళతో చేసి చూపిస్తున్నావని అనుకున్నారట. ఏ కాలు ఏదన్న ప్రశ్నే ఆయనకి రాలేదు. వాళ్ళావిడ మా ఇద్దరినీ చూసి “బాగుంది వరస! పాఠం తీసినావిడ ఏ కాలో చూపించలేదు, మార్చినావిడ అడగలేదు, చూసినాయన చెప్పలేదు. పడటానికి మాత్రం అందరూ కలిశారు” అంది.

తర్వాత ఆయన కుడి కాలు ముందు దించారు. ఒక్కో మెట్టూ, నేను వెనక్కి వెనక్కి దిగుతూ ఉంటే. కొట్టు దాకా వచ్చాం. కొట్టువాడు స్టూలు వేశాడు.

అక్కడ కూర్చుని ఆయన అడిగారు. “అంత తెలిసిన అక్క మొదటిసారి తప్పు ఎందుకు వేసింది?” హాస్టల్‌కి వచ్చి ఆఫీసు కంప్యూటర్లోంచి తెచ్చుకున్న పాత వీడియో చూశాను. ఈసారి కాళ్ళు కాదు, నీ చెయ్యి చూశాను. కమ్మీని ఎంత గట్టిగా పట్టుకున్నావో. బరువంతా ఆ చేతి మీదే వేసి, పెట్టుడు కాలు మీద ఒక్క లిప్త కూడా నిలబడకుండా చూసుకుంటున్నావు. కొత్తదానిలో పళ్ళు బిగబట్టి ఉన్నావు.

డ్రైవర్ ఊరికి రాలేనన్నావు. అడగొద్దన్నావు. అడుగుతున్నాను. నీ కాలికి ఏమైంది?

గువ్వ

*

వర్క్‌షాప్, నడక హాలు
కుర్చీలో

గువ్వా,

పుండు. పెట్టుడు కాలికి పైన తెగిన కాలు దూర్చే గిన్నె ఉంటుందే, దాని అంచు ఒరుసుకుని. మొదటి వీడియో నాటికే ఉంది. పెట్టుడు కాలు ముందు ఆనిస్తే పుండు అదురుతుంది కదా, ఆ నొప్పి పడకూడదని బరువు చేతి మీద వేసి ఒళ్ళు దానంతట అదే మంచి కాలు ముందు వేసేసింది, నాకు తెలియనే తెలియదు. రెండోసారి తెలిసే వేశాను, అందుకే పళ్ళు బిగించాను.

డాక్టర్‌కి చెబితే పెట్టుడు కాలు తీసేసి కూర్చోమంటాడు. ఈ హాల్లో నేను కాలు లేకుండా ఏనాడూ అడుగు పెట్టలేదు. నన్ను చూసి ‘ఈవిడలా నడవాలి’ అనుకుంటారు కదా, అది పోతే ఇక నేను ఇక్కడ ఎందుకు? నీ ఉత్తరం చదివి, మర్నాడు డాక్టర్ గదికి వెళ్ళాను. చూసి తిట్టాడు. ఇంకొన్నాళ్ళు ఆగితే కాలు మళ్ళీ కోయాల్సి వచ్చేదట. మానేదాకా పెట్టుడు కాలు ముట్టుకోవద్దన్నాడు. “పాఠాలు మాత్రం మానకండి, కుర్చీలోంచి చెప్పండి” అన్నాడు. ఉద్యోగం ఉందన్నమాట.

రెండు వీడియోలూ తీసెయ్. మానాక మోకాలి పైదాకా ప్యాంటు మడిచి, కాలు కనపడేలా చేస్తాను. ఎడమవాళ్ళకి నాది. కుడివాళ్ళకి ఎవరిదని వెతుకుతుంటే డ్రైవర్ తానే వస్తానన్నాడు. తిండి పెట్టి పంపాలట, అది వాళ్ళావిడ షరతు.

ఇవాళ పొద్దున చంకకర్రలతో హాల్లోకి వచ్చాను. ప్యాంటు ఎడమ వైపు మడిచి పిన్నీసు పెట్టుకున్నాను. అందరూ నా వైపు తిరిగారు. కుర్చీ దాకా వెళ్ళి కూర్చున్నాను. కుట్టుపని చేసే ఆవిడ, ఇన్ని రోజులుగా నా ఎదుటే కూర్చుంటున్న మనిషి, మెల్లగా “మీకూనా అండీ?” అంది.

“నాకూను” అన్నాను.

మళ్ళీ ఆవిడే అడిగింది. “రాత్రి నిద్రలో మీ కాలు ఉన్నట్టే దురద పెడుతుందా? లేని చోట?”

పెడుతుంది గువ్వా, ఇప్పటికీ. ఇన్నేళ్ళలో ఈ హాల్లో నన్ను ఎవరూ ఆ మాట అడగలేదు. ఆఖరి రోజు టక్‌టక్ వినిపించి నవ్వించి పంపేస్తే ఇక ఎవరు అడుగుతారు, ఎప్పుడు అడుగుతారు?

“పెడుతుంది” అన్నాను. “ముఖ్యంగా బొటనవేలు.”

“నాకు మడమండీ” అంది ఆవిడ. వెనక నుంచి ఎవరో “నాకు అరికాలు” అన్నారు. కుర్చీలన్నీ కిర్రుమంటూ నా దగ్గరికి జరిగాయి. ఇవాళ మెట్ల పాఠం జరగనే లేదు.

మీ పిన్ని